అల్లుళ్ళ క్యారియర్లు

కిందటి వేసవిలో కడపకు పోయి మా మనవరాలు సింధు ఇంట్లో కొన్నాళ్ళు ఉండి వచ్చాను. సింధు నా కూతురి కూతురు. ఉన్న ఉద్యోగం మానుకుని, కొర్రలూ సజ్జలూ తెప్పించి, పిండి పట్టించి, ఉండలూ మురుకులూ చేయించి డబ్బాల్లో పెట్టి అమ్ముతోంది. వ్యాపారం కొత్త. వంటింటి గోడకు ఒక కాగితం అంటించుకుంది. తెల్లవారుజామున లేవాలట, లేవగానే ఫోను ముట్టకూడదట, కాసేపు నడవాలట, ఆ తర్వాత గంటసేపు ఎవరేమన్నా పలకకుండా వ్యాపారం పనే చూసుకోవాలట. అలవాట్లు సరిగ్గా పెట్టుకుంటే వ్యాపారం దానంతట అదే దారిన పడుతుందని ఎవరో చెప్పారట. నేనున్నన్నాళ్ళూ చూశాను. పాపం, లేవడం లేస్తూనే ఉంది. లేచీ లేవకముందే మామగారికి కాఫీ, పిల్లవాడి స్కూలు బట్టలు, నీళ్ళ మోటారు, గేటు దగ్గర పాలవాడి కేక. ఆ గంట ఒక్కరోజు కూడా ఆ పిల్లకు దక్కలేదు. ఒక సాయంత్రం ఆ కాగితం ముందు నిలబడి, "నాకు క్రమశిక్షణ లేదవ్వా. ఇది నా వల్ల అయ్యేది కాదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు, ఆ కాగితంలో మాటలు చెప్పిన మనిషెవరో ఆ మనిషి మీద. ఆయన పొద్దు ఆయన చేతిలో ఉండి ఉంటుంది. ఆయన కాఫీ ఇంకెవరో కాచి చేతికిచ్చి ఉంటారు. "నీకు క్రమశిక్షణ లేక కాదే, నీ పొద్దు నీ చేతిలో లేక" అన్నాను. దానికి ఆ మాట నచ్చలేదు. "మీ కాలం వేరవ్వా" అంది. తొంభైకి దగ్గరపడిన మనిషితో వాదం పెట్టుకోవడమెందుకని అనుకుందో ఏమో, డబ్బాలకు మూతలు బిగించుకుంటూ కూర్చుంది. నేను మంచం మీద పడుకున్నానేగానీ నిద్ర రాలేదు. మా కాలం వేరేమీ కాదు. కర్నూలులో నేనూ మా మద్దమ్మత్తా క్యారియర్లు కట్టిన రోజులు ఒకదాని వెంట ఒకటి వచ్చి మంచం చుట్టూ నిలబడ్డాయి. ఇన్నేళ్ళయినా ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు వచ్చేది ముచ్చట కాదు, విసుగు.

మాది బేతంచెర్ల దగ్గర పల్లె. మెట్ట సేద్యం. మా చేలలో నాగలి కాస్త లోతుకు దిగితే నాపరాయికి తగిలి ఖంగుమనేది. ఆ రాయే బంగారమవుతుందని, దాన్ని కోసి నునుపు చేసి దేశమంతా ఇళ్ళలో పరుస్తారని అప్పుడు మాకెవరికీ తెలియదు. మా నాయనకు అది ఎద్దుల మెడలు విరగ్గొట్టే రాయి, అంతే. వరసగా వానలు తప్పిపోయి, ఊరి బావిలో బురద మాత్రం మిగిలాక, నాయన మా ఇద్దరినీ తీసుకుని కర్నూలుకు వచ్చాడు. ఇద్దరంటే నేనూ, నాయన అక్క మద్దమ్మత్తా. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని మా ఇంటికి వచ్చేసిన అత్తే నన్ను పెంచింది. నాయన దాయాది ఒకాయనకు కర్నూలు పాతపేటలో ఒక ఇల్లు ఖాళీగా పడి ఉండేది. ఇల్లు చూసుకున్నట్టూ ఉంటుంది, వానలు పడేదాకా తలదాచుకున్నట్టూ ఉంటుందని అందులో దిగాం. నేను పల్లెలో చదివినంతా చదివి, పై చదువుకు పంపమని అడిగి, లేదనిపించుకుని, పద్దెనిమిదేళ్ళ వయసులో ఊరకే కూర్చున్నదాన్ని.

మేం దిగిన కొత్తలోనే కర్నూలు రాజధాని అయింది. అంతవరకూ మధ్యాహ్నమైతే కుక్కలు కూడా కదలని ఊళ్ళో ఎక్కడ చూసినా మనుషులే. మద్రాసు నుంచి ఆఫీసులకు ఆఫీసులే కదిలి వచ్చాయి. ఇళ్ళు చాలక గుడారాలు వేశారు. గుంటూరు, బెజవాడ, కాకినాడ వైపు గుమాస్తాలు పెళ్ళాం బిడ్డలను అక్కడే వదిలిపెట్టి వచ్చి ఆ గుడారాల్లో ఉండేవాళ్ళు. వాళ్ళు మాట్లాడే తెలుగు మాకు పాటలాగా వినిపించేది. వాళ్ళకు మన ఎండా పడలేదు, మన కారమూ పడలేదు. పూటకూళ్ళ తిండి తిని కడుపులు చెడగొట్టుకున్నారు. ఊళ్ళో అద్దెలు పెరగడంతో మా దాయాదాయన కూడా కబురు పెట్టాడు, ఉంటే అద్దె ఇచ్చి ఉండండి, లేదంటే ఖాళీ చెయ్యండని. ఖాళీ చేసి పోతే మా పల్లెలో తాగడానికి నీళ్ళు లేవు.

అట్లాంటి రోజుల్లో వెంకటరత్నం గారని ఒక గుమాస్తా, గది ఏమైనా అద్దెకు దొరుకుతుందేమోనని మా వాకిట్లోకి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. వయసు ముప్పై దాటి ఉంటుంది. మొహం పాలిపోయి, నిలబడ్డవాడు నిలబడ్డట్టే అరుగు మీద కూలబడ్డాడు. గది ఇవ్వనన్నాడు నాయన, వయసొచ్చిన పిల్ల ఉన్న ఇల్లు కదా. కానీ ఆకలితో ఉన్న మనిషిని పంపడం ఆయన వల్ల కాదు. లోపలికి పిలిచి పీట వేయించి అన్నం పెట్టించాడు. పల్చని పప్పుచారు, మజ్జిగ. ఆ మనిషి అన్నం తిన్న తీరు చూసి అత్త ముక్కు చీదుకుంది. మర్నాడు ఆయన మళ్ళీ వచ్చి, "రోజూ ఇట్లా ఒక పూట పంపగలిగితే నెలకింతని ఇచ్చుకుంటానండీ" అన్నాడు. నాయన మొహం ఎర్రబడింది.

"అన్నం అమ్ముకునే ఇల్లు అనుకున్నావా సామీ ఇది? తింటే తిను. దుడ్ల మాట ఎత్తితే మాత్రం ఈ గడప తొక్కొద్దు" అన్నాడు.

ఆయన చిన్నబోయి వెళ్ళిపోయాక అత్త మాట్లాడింది. అత్త ఎప్పుడూ గట్టిగా మాట్లాడేది కాదు. రొట్టె తడుతూ, రొట్టెతో చెబుతున్నట్టే చెప్పేది. "అన్నం అమ్మేది తప్పే అనుకో. వండిన చేతికి కూలి తీసుకునేది కూడా తప్పేనా? కళ్ళంలో కూలోళ్ళకు గింజలు కొలిచి ఇస్తివి కదా, అప్పుడు వాళ్ళేమన్నా చెడిపోయినారా?" నాయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. మా ఇంట్లో నాయన తువ్వాలు తీసుకుని బయటికి పోయాడంటే సరేనన్నట్టూ కాదు, వద్దన్నట్టూ కాదు. మాకు కావలసినట్టు అర్థం చేసుకున్నాం. ఒక్క షరతు మాత్రం తర్వాత చెప్పాడు, మా పల్లెవాళ్ళకు తెలియకూడదని. ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఆ క్యారియర్లు చూసి అడిగితే, "మా అల్లుళ్ళు అప్పా, సర్కారు ఆఫీసుల్లో ఉండారు. వాళ్ళకు పంపిస్తాండాం" అనేవాడు. వెంకటరత్నం గారు తన గుడారంలో వాళ్ళకూ పక్క గుడారాల వాళ్ళకూ చెప్పడంతో అల్లుళ్ళు నెలనెలా పెరిగారు. "మీకెంతమంది అల్లుళ్ళు రెడ్డీ?" అని ఊరివాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. నాయనకు పుట్టిన కూతుర్ని నేనొక్కదాన్నే, నాకు పెళ్ళే కాలేదు.

ఇక క్యారియర్ల పని ఎట్లా ఉండేదో చెప్పాలి. ఆఫీసు గుమాస్తా అన్నం గడియారం చూసుకుని తింటాడు. మా ఇంట్లో ఎన్నడూ ఎవరూ గడియారం చూసి ఏ పనీ చేయలేదు. నాయన ఆకలైనప్పుడు తినేవాడు, అత్త అందరూ తిన్నాక తినేది, నేను అత్తతో తినేదాన్ని. ఇప్పుడు ఖాసిం మామ జట్కా వచ్చే వేళకు క్యారియర్లన్నీ మూతలు బిగించి అరుగు మీదికి చేరాలి. ఖాసిం మామ మా పక్కింటి ఆయన. పొద్దున్నే ఆఫీసుల వైపు మనుషులను తీసుకుపోయే బాడుగ ఉండేది కాబట్టి మా క్యారియర్లు కూడా వేసుకుపోయేవాడు. మంచివాడే గానీ ఎవరికోసమూ ఆగేవాడు కాదు. "గుర్రం నిలబడదు పాపా, నేను ఏం చెయ్యాల?" అనేవాడు. గుర్రం నిలబడే ఉండేది. నిలబడనిది ఆయనే.

నేను పనిని ఒక వరసలో పెట్టాలని పట్టుబట్టాను. మసీదులో తెల్లవారుజాము అజా వినబడగానే లేవాలి. గుంపు చేరకముందే వీధి కొళాయి దగ్గర బిందెలు నింపుకోవాలి. ముందురోజు సాయంత్రమే పప్పు బాగుచేసి, కట్టెలు చీల్చి లోపల పెట్టుకోవాలి. బియ్యంలో రాళ్ళు పగలే ఏరుకోవాలి. ఎసరు పెట్టాక ఇంకో పనికి లేవకూడదు. చెప్పడానికి ఇంతే. వేసవిలో మొదలుపెట్టాం కాబట్టి బాగానే సాగింది. చలికాలం వచ్చేసరికి నాకు ఏమవుతోందో అర్థం కాలేదు. అజా వినగానే లేస్తున్నాను, చేసే పనులన్నీ అవే, అయినా జట్కా వచ్చేసరికి ఇంకా గంజి వారుస్తూనే ఉన్నాను. నా చేతులే మందగించాయనుకుని నన్ను నేను తిట్టుకున్నాను. అత్త కూడా, "నిద్రమొహమే, నిద్రమొహం" అంది. ఒకరోజు ఖాసిం మామే నవ్వుతూ చెప్పాడు. "నమాజు పొద్దును బట్టి జరుగుతాది పాపా. చలికాలం పొద్దు ఆలస్యం. ఆఫీసు గంట యాడికీ జరగదు." ఆ తర్వాత నేను అజాను వదిలిపెట్టి నూనె మిల్లు కూత పట్టుకున్నాను. నా తప్పు లేదని తెలిసినందుకు సంతోషపడాలి కదా, అన్నాళ్ళూ ఊరకే తిట్టుకున్నానే అని ఏడుపు వచ్చింది.

అత్తతో ఇంకో గొడవ. అత్తకు తనవంటూ పాత అలవాట్లు ఉన్నాయి. వాకిలి ఊడ్చి, కసువు ఎత్తి, పేడనీళ్ళు చల్లి, ముగ్గు వేసి, స్నానం చేసి, పొయ్యికి పసుపూ కుంకుమా పెట్టి గానీ నిప్పు వెయ్యనిచ్చేది కాదు. కారం ఏ రోజుది ఆ రోజే దంచాలనేది. వారానికి సరిపడా దంచి పెట్టుకుందామంటే, "వాసన పోయిన కారం వేస్తే కూరకు ప్రాణం ఉండాదా?" అని కస్సుమనేది. నిజం చెప్పాలంటే ఆ వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. రోట్లో ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, వేయించిన చెనిక్కాయలు కలిసి నలిగే వాసన. ఆ ఘాటుకు పక్కింటివాళ్ళు కూడా తుమ్మేవాళ్ళు. కానీ గుంటూరు వాళ్ళు మిరపకాయలు పండించేవాళ్ళే అయినా మన కారానికి వాళ్ళ కళ్ళు నీళ్ళయ్యేవి. తగ్గించమని కబురు పంపేవాళ్ళు. అత్త తగ్గించేది కాదు. నేను అత్త చూడకుండా నెయ్యి ఒక చుక్క ఎక్కువ వేసేదాన్ని. ఇద్దరం పోట్లాడుకుని, మూతి ముడుచుకుని, మళ్ళీ ఒకే పొయ్యి దగ్గర భుజం భుజం తగులుతూ కూర్చునేవాళ్ళం.

ఇవన్నీ ఎట్లాగో సర్దుకున్నాయి. సర్దుకోనిది నాయన ఒక్కడే. కర్నూలు రాజధాని అయ్యాక మా చుట్టుపక్కల పల్లెల వాళ్ళందరికీ అక్కడ ఏదో ఒక పని. అర్జీ ఇవ్వాలనో, మంత్రిని చూడాలనో, బావికి సాయం అడగాలనో వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు మా ఇంటికే. తెల్లారేసరికి బస్సు దిగి, అరుగు మీద చెప్పులు విడిచి, "రెడ్డీ, బాగుండావా?" అనేవాళ్ళు. నాయన మొహం వెలిగిపోయేది. ఊళ్ళో ఉన్నప్పుడు మా పంచలో ఏ పూటా ఇద్దరు ముగ్గురు పైవాళ్ళు తినకుండా లేరు. కరువులో పోయిన ఆ పెద్దరికం మళ్ళీ వచ్చినట్టుండేది ఆయనకు. సరిగ్గా నేను అన్నం వార్చి, క్యారియర్లు వరసగా పెట్టి, గరిట చేతిలోకి తీసుకునే వేళకు వంటింటి గుమ్మం దగ్గర ఆయన గొంతు వినబడేది.

"అమ్మా ఈశ్వరీ, మనోళ్ళు వచ్చినారు. పొద్దున్నుంచీ ఏమీ తినల్యాదంట. విస్తర్లు ఎయ్యి."

"నాయనా, జట్కా వస్తాది ఇప్పుడే. కాసేపు ఆగమను. మళ్ళీ ఎసరు పెడతా."

"వచ్చినోళ్ళను ఆగమంటారా ఎవరన్నా? ఎయ్యి ఎయ్యి."

అంతే. ఆయన కేకలు వేసి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. మెల్లగా, నవ్వుతూ, ప్రేమగా చెప్పేవాడు. నేను విస్తర్లు వేసేదాన్ని. వాళ్ళు తింటుంటే లోపల మళ్ళీ పొయ్యి రాజేసేదాన్ని. ఉడికీ ఉడకని అన్నం క్యారియర్లలో కుక్కేదాన్ని. ఒక గిన్నెలో పప్పు ఉండేది, ఇంకో గిన్నెలో పప్పు నీళ్ళు ఉండేవి. వారం పది రోజులు అంతా సవ్యంగా జరిగి, హమ్మయ్య అనుకునేసరికి మళ్ళీ అరుగు మీద చెప్పులు. ఆ చెప్పులు చూస్తే నాకు గుండెల్లో మంట. సింధు గోడ మీది కాగితంలో ఈ చెప్పుల మాట యాడా లేదు. ఎంత తొందరగా లేవాలో రాశారు గానీ, లేచి చేసినదాన్ని ఇంకొకరు వచ్చి నవ్వుతూ ఎత్తుకుపోతే ఏం చెయ్యాలో రాయలేదు.

ఒకరోజు ఊరి నుంచి ఒక బండెడు జనం దిగారు, బావి అర్జీ కోసం. నాయన అందరినీ కూర్చోబెట్టాడు. అడుగంటా ఊడ్చి పెట్టాం. రెండోసారి వండింది కూడా చాలలేదు. జట్కా వచ్చింది, గుర్రం గొరిజలు తాటించింది. నేను ఉన్నంతలో అందరికీ సర్దాను గానీ ఒక్క క్యారియర్ ఖాళీగా మిగిలిపోయింది. అది వెంకటరత్నం గారిది. అందరికంటే ముందు వచ్చిన మనిషి, అందరికంటే ఓపిక ఉన్న మనిషి, ఏమీ అనుకోడులే అని ఆయనదే ఆపాను. ఖాసిం మామ ఏమీ అడక్కుండా తోలుకుపోయాడు.

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ వెంకటరత్నం గారు నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. అరుగు మీద నాయనా ఊరివాళ్ళూ ఆకువక్కలు నములుతున్నారు. నేను తలుపు చాటు నుంచి చూస్తూ, ఇప్పుడు గొడవ చేస్తాడు, చెయ్యనీ, అందరూ విననీ అనుకున్నాను. గొడవ కావాలని మనసులో మొక్కుకున్నాను కూడా. ఆయన గొడవ చెయ్యలేదు.

"నమస్కారమండీ. ఇవాళ నా క్యారియర్ రాలేదండీ. పెద్దామెకు గానీ అమ్మాయికి గానీ ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడి వచ్చాను. మందూ మాకూ ఏమైనా కావాలంటే తెచ్చిపెడతాను" అన్నాడు.

నాయన నమలడం ఆపాడు. "మీరు అన్నం తినల్యాదా?"

"అదేం ఫర్వాలేదండీ. ఒక్క పూట."

నాయన లేచి లోపలికి వచ్చాడు. వంటింట్లో బోర్లించిన గిన్నెలు చూశాడు. నన్ను చూశాడు. "ఆయనకు ఎందుకు పంపల్యా?" అన్నాడు.

"నీ వాళ్ళు తిన్నది ఆయన బువ్వే నాయనా" అన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పాలని ఎన్నో నెలలుగా మాటలు పేర్చుకుని పెట్టుకున్నాను. ఆ వేళకు ఒక్కటీ రాలేదు.

ఆకలైన మనిషిని గడప నుంచి పంపనివాడినని నాయనకు గర్వం. ఆ గర్వానికి మేం ఎవరం అడ్డం చెప్పినా వినేవాడు కాదు. ఇప్పుడు ఒక మనిషి నోటి దగ్గరి కూడు తీసి ఇంకో మనిషికి పెట్టి పుణ్యం అనుకున్నట్టు తనకు తానే కనబడ్డాడేమో. బయటికి వెళ్ళి వెంకటరత్నం గారి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి పీట మీద కూర్చోబెట్టాడు. ఇంట్లో జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి తప్ప ఏమీ లేవు. ఆ కారానికి ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నాయన మజ్జిగ పోస్తూ, విసనకర్రతో విసురుతూ పక్కనే గొంతుకూర్చున్నాడు. అరుగు మీది ఊరివాళ్ళకు ఈ అల్లుడు గారి మాట తీరు చూసి ఏదో అర్థమై ఉంటుంది. ఎవరూ అడగలేదు.

మర్నాటి నుంచి నాయన కూడా ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తనంతట తాను, ఎవరూ చెప్పకుండా. ఊరి నుంచి ఎవరు దిగినా అరుగు మీద కూర్చోనివ్వకుండా, "రాండప్పా, ఏటికి పోయి మొహాలు కడుక్కుని వద్దాం" అని తుంగభద్ర వైపు తీసుకుపోయేవాడు. స్నానాలయ్యాక, "కొండారెడ్డి బురుజు చూసినారా?" అనేవాడు. చూశామన్నా మళ్ళీ చూపించేవాడు. జట్కా వెళ్ళిపోయిందని రూఢిగా తెలుసుకున్నాకే ఇంటికి తెచ్చేవాడు. మా ఊళ్ళో కొందరు కొండారెడ్డి బురుజును మా ఇంటి వాకిలికంటే ఎక్కువసార్లు చూసి ఉంటారు. అన్నం ఆలస్యమైందని వాళ్ళు గొణిగేవాళ్ళు. నాయన వినబడనట్టు నడిచేవాడు.

ఆ కొన్ని నెలలే నాకు సుఖంగా గడిచాయి. మిల్లు కూతకు లేచేదాన్ని. చెయ్యి తనంతట తానే పనిమీద పని చేసుకుపోయేది. జట్కా చప్పుడు వీధి మలుపు తిరిగి వినబడకుండా పోయాక పెరటి గుమ్మంలో కూర్చుని, రాత్రి మిగిలిన రొట్టె మజ్జిగలో నాన్చుకుని తినేదాన్ని. ఎవరూ పిలవని వేళ అది. అంతకు ముందు నా జీవితంలో అట్లాంటి వేళ ఒకటి ఉంటుందని తెలియదు. ఇంటి అద్దెకు ఇబ్బంది లేదు. అత్త తనకోసం ఒక మంచి చీర కొనుక్కుంది. కొన్నదేగానీ కట్టుకోలేదు, పెట్టెలో దాచింది.

అంతలో రాజధాని హైదరాబాదుకు పోతుందన్నారు. పోదులే అన్నారు. పోయింది. లారీల మీద బీరువాలు, కుర్చీలు, కాగితాల మూటలు ఎక్కించారు. గుడారాలు విప్పితే కింద చదరంగా ఎండిన గడ్డి మిగిలింది. వెంకటరత్నం గారు చెప్పిపోవడానికి వచ్చి, "హైదరాబాదులో ఎవరు వండి పెడతారో ఏమోనండీ" అన్నాడు. అందరూ ఒక్కొక్కరే వచ్చి దండం పెట్టి పోయారు. వాళ్ళమీద ఎందుకు కోపం వచ్చిందో నాకు తెలియదు. వాళ్ళ తప్పు ఏముంది? ఇంత కష్టపడి ఇంటిని ఒక దారికి తెచ్చుకుంటే, ఎక్కడో ఎవరో కూర్చుని ఊరినే ఎత్తుకుపోయారు. మిల్లు కూత మాత్రం ఆగలేదు. నేను లేచేదాన్ని. లేచి, చెయ్యడానికి ఏమీ లేక, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని. పడుకుందామన్నా నిద్ర వచ్చేది కాదు. అలవాటు పట్టుకోవడానికి పడ్డ బాధ ఒకటి, అది పట్టుకున్నాక వదలకపోవడం ఇంకో బాధ.

నాయనకు మాత్రం పెద్ద బరువు దిగినట్టయింది. "అల్లుళ్ళంతా హైదరాబాదుకు పోయినారప్పా" అని అందరికీ గొంతెత్తి చెప్పుకున్నాడు. ఆ ఏడు వానలు కూడా పడ్డాయి. ఊరికి పోదాం, విత్తనాలు చూసుకోవాలన్నాడు. అత్త పప్పులూ దినుసులూ మూటలు కట్టడం మొదలుపెట్టింది. నన్ను అడగడానికి నా మాట ఎవరికి కావాలి?

మూటలు కట్టుకునే రోజుల్లోనే ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చారు. సర్కారు వదిలిపెట్టి పోయిన కట్టడాల్లో వైద్య కళాశాల పెట్టారు కదా, అందులో చేరిన విద్యార్థులు. ఒకడు అనంతపురం వైపువాడు, ఇంకొకడిది నెల్లూరు. ఎవరో చెప్పారట, ఈ ఇంట్లో క్యారియర్లు కడతారని. నేను పెరట్లో ఉన్నాను. వాళ్ళ మాటలు వినబడుతున్నాయి. తమలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారని, తిండికి శానా ఇబ్బందిగా ఉందని చెబుతున్నారు. నా చేతిలో చీపురు ఆగిపోయింది.

"ఈడ అన్నం అమ్మరు నాయనా. ఎవరో తప్పు చెప్పినారు మీకు. ఆకలైతే చెప్పండి, తిని పోదురు" అన్నాడు నాయన. అదే మెత్తని గొంతు.

వాళ్ళు వద్దని, దండం పెట్టి వెళ్ళిపోయారు. ఒక్కసారైనా లోపలికి తిరిగి, ఏమమ్మా అని నాయన నన్ను అడగలేదు. తన అక్కనూ అడగలేదు. ఇన్నాళ్ళ నా తెల్లవారుజాములు, కాలిన చేతులు, కొళాయి దగ్గర తిన్న తిట్లు, అన్నీ ఆయన ఒక్క మాటతో తుడిచేశాడు. అది అవమానమని కూడా ఆయనకు తెలియదు. ఇంటి పరువు నిలబెట్టానని అనుకున్నాడు.

ఆ ఇంట్లో ఆడవాళ్ళం పెరటి సందులోంచే బయటికి పోయేవాళ్ళం. ఆ రోజు నేను నడవా దాటి, నాయన పక్క నుంచే ముందు వాకిట్లోంచి వీధిలోకి దిగాను. చెప్పులు కూడా వేసుకోలేదు. వాళ్ళు జట్కాలు నిలబడే చోటుదాకా పోయారు. "ఓ అబ్బాయిలూ, నిలబడండి" అని అరిచాను. వీధి వీధంతా తిరిగి చూసింది. గుర్రానికి గడ్డి వేస్తున్న ఖాసిం మామ కూడా తలెత్తాడు.

వాళ్ళు భయపడ్డట్టున్నారు. రొప్పుతూనే చెప్పాను. "ఎల్లుండి నుంచి క్యారియర్లు వస్తాయి. మీరు ఎంతమంది ఉండారో, యాడ ఉండారో ఈ మామకు చెప్పి పోండి. కారం మాత్రం మా ఇంటి కారమే. తగ్గించేది లేదు."

ఖాసిం మామ గడ్డి కిందపెట్టి, "నేను పోతాండా కదా అటే. పర్వాలేదు" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి నాయన అదే చోట నిలబడి ఉన్నాడు. "నన్ను అడిగినావా?" అన్నాడు.

"ల్యా."

"ఎందుకడగల్యా?"

"నువ్వు నన్ను అడిగినావా నాయనా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. ఈసారి దాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో నాకు తెలియలేదు. వంటింట్లోకి పోతే అత్త కట్టిన మూటల్లో ఒకదాన్ని విప్పి కందిపప్పు చేటలోకి పోసుకుంటోంది. తల ఎత్తకుండానే, "నెల్లూరోళ్ళకు పులుపు ఎక్కువ కావాలంటారు. చింతపండు చాలదేమో చూడు" అంది.

నాయన ఒక్కడే ఊరికి పోయాడు. సేద్యం చూసుకున్నాడు. నేనూ అత్తా కర్నూలులోనే ఉండిపోయాం, నా పెళ్ళయ్యేదాకా, ఆ తర్వాత కొన్నేళ్ళు అత్త ఒక్కతే. ఆ పని మంచిదని గానీ చెడ్డదని గానీ ఆయన మళ్ళీ ఎప్పుడూ అనలేదు. నెలకొకసారి వచ్చేవాడు, ఒక సంచిలో జొన్నలు, ఒక సంచిలో చెనిక్కాయలు తెచ్చేవాడు. పొద్దున్నే బస్సు దిగినా ఇంటికి మాత్రం జట్కా వెళ్ళిపోయాకే వచ్చేవాడు. అంతదాకా ఎక్కడ కూర్చునేవాడో, ఏటి ఒడ్డునో, బస్సులు నిలిచే చోటనో, నాకు ఇప్పటికీ తెలియదు. నా పనికి అడ్డం రాకూడదని అట్లా చేసేవాడా, ఆ క్యారియర్లు తన కళ్ళతో చూడలేక చేసేవాడా అని అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. పీట వేసి, వేడి రొట్టె పెట్టేదాన్ని. ఆయన తలవంచుకుని తినేవాడు. తినడం అయ్యాక చెంబు కింద పెడుతూ, "ఇంకొంచెం ఉంటే పెట్టమ్మా" అనేవాడు. ఉండేది. పెట్టేదాన్ని.